నాలుగు వేళ్ళ వెలితి

మా ముత్తాత రాఘవప్ప నాయుడు కార్వేటినగరం సంస్థానంలో బొక్కసం తాళాలు పట్టినవాడు. మా తాత చెంగల్రాయ నాయుడి కాలానికి తాళాలు వేరే చేతికి పోయాయి గానీ, దసరా దర్బారులో ఆయన కూర్చునే చోటు ఆయనదిగానే ఉండింది. ఆయన రాని ఏడు ఆ చోటును ఖాళీగా ఉంచారే తప్ప మరొకరిని కూర్చోనివ్వలేదు. మా నాయన కాలానికి దర్బారూ లేదు, చోటూ లేదు. ఇల్లు మిగిలింది. ఆరు టేకు స్తంభాల పంచ, దాని ముందు ముప్పై అడుగుల ముంగిలి. నాయన ఆ పంచలో పడకకుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎవరు వచ్చినా లేచేవాడు కాదు. తాసిల్దారు వచ్చినా, "రండి, కూర్చోండి" అనేవాడు తప్ప లేచేవాడు కాదు. మా ఆస్తిలో ఏ కోర్టూ జప్తు చెయ్యలేనిది అదొక్కటే.

పోయిన వారం ఇల్లు చూసుకోవడానికి చిత్తూరు నుంచి ఒక మామిడికాయల మండీ వర్తకుడూ ఆయన భార్యా వచ్చారు. ఆయన స్తంభాలను వేళ్ళతో తట్టి చూశాడు. ఆమె మాత్రం ముంగిట్లో చెప్పులు విడిచి, గులకరాళ్ళ మీద మెల్లగా అటూ ఇటూ నడిచింది. తెల్లరాళ్ళ ముగ్గు చుట్టూ తిరిగి, ఈశాన్యం మూల ఆగింది.

"ఇంత బాగుండాదే వాకిలి, ఈడ నాలుగు రాళ్ళు ఊడిపొయినాయే! పూడ్పించుకోవాల" అంది.

"ఊడలేదమ్మా" అన్నాను. "ఈ ముంగిట్లో ఇన్నేళ్ళలో ఒక్క రాయి ఊడలేదు."

నా గొంతు కొంచెం గట్టిగానే పలికి ఉంటుంది. ఆమె భర్త తిరిగి నా వైపు చూశాడు. అమ్మేవాడికి ఉండవలసిన గొంతు కాదు అది.

ఆ ముంగిలి చేసిన మనిషిని గురించి రాస్తున్నాను. పేరు రాయను. పేరుతో పిలిస్తే ఆయన పలికేవాడు కాదు. "ఆ పేరుతో కేకేస్తే మా ఊర్లో పదిమంది తిరిగి సూస్తారు. మేస్త్రీ అని పిలిస్తే నేనొకణ్ణే సూస్తా" అనేవాడు.

ఆయన మా ఇంటికి రావడానికి కారణం మా అవ్వ. అవ్వ అంటే నాయన తల్లి. నా తల్లి నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో మరో ఆడదిక్కు లేదు కాబట్టి, తాత పోయాక కూడా తెల్లవారి వాకిట్లో ముగ్గు వేసేది అవ్వే. విధవ చేతి ముగ్గు వీధి వాకిట్లో ఏమిటని ఊరు గొణిగింది. ఆ మాట చెవిన పడిన మర్నాడు అవ్వ ముగ్గును ఇంకో మూర పెద్దది చేసింది. అది మామూలు ముగ్గు కాదు. చుక్కల చుట్టూ ఒకే గీత, ఎక్కడా తెగకుండా మెలికలు తిరిగి తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చి కలుసుకుంటుంది. మా ఇంటి కోడళ్ళ చేతుల మీదుగా దిగివచ్చిన ముగ్గు. నౌకర్లు పోయారు, బండి పోయింది, ఎద్దులు పోయాయి. ఆ తర్వాత కూడా వీధిన పోయే కొత్తవాళ్ళకు ఊరివాళ్ళు ఆ ముగ్గు చూపించి, ఇది ఫలానా వాళ్ళ ఇల్లు అని చెప్పేవారు.

యుద్ధం వచ్చిన రెండో ఏడు, వానాకాలంలో, అవ్వ ఆ ముంగిట్లోనే జారిపడింది. అప్పుడు అక్కడ తాత పరిపించిన నల్లబండలు ఉండేవి. రెండు తరాల పాదాలకు అరిగి అద్దాలయ్యాయి. కల్లాపి నీళ్ళ మీద కాలు పోయి, ముగ్గుచిప్పతో సహా పడింది. కుడి మణికట్టు విరిగింది. పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించాం. కట్టు ఉన్నన్నాళ్ళూ అవ్వ ఎడమచేత్తో ముగ్గు వేసింది. గీతలు వణికాయి. ఆ వణుకును వీధి చూసింది.

"ఇంకొకసారి పడితే లేచేది లేదమ్మా. ముగ్గు మానుకో" అన్నాడు నాయన.

"నేను ముగ్గెయ్యని దినం నేను పొయినట్టే. అప్పుడు మానుకుంటాలే" అంది అవ్వ.

ఇక బండలు పెరికించక తప్పలేదు. మద్రాసులో ఏదో దొర బంగళాకు మెట్లూ బాటలూ చేసి వచ్చిన మేస్త్రి ఒకడు ఏర్పేడు పక్క పల్లెలో ఉన్నాడని ఎవరో చెబితే నాయన కబురు పెట్టాడు.

వచ్చిన మనిషికి యాభై దాటి ఉంటాయి. బక్కపలచన. ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది. పంటినొప్పి అనుకున్నాం. మాట్లాడవలసి వచ్చేసరికి, నోట్లోంచి ఒక గులకరాయి తీసి, పైగుడ్డతో తుడిచి, మొలలో దోపుకున్నాడు.

"అదేమిటప్పా నోట్లో?" అన్నాడు నాయన.

"రాయి సామీ. ఎండలో సూస్తే అన్ని రాళ్ళూ ఒకటే. దాని రంగు తడిలో తెలస్తాది. వాకిలి బాగా కనపడాల్సింది వాన దినమే కదా."

మాట్లాడినంతసేపూ ఆయన నాయన ముఖం చూడలేదు. పాదాలు చూశాడు. తర్వాత నా పాదాలు చూశాడు. అది వంగిన వినయం అనుకున్నాను. కాదు, అది ఆయన పని. ఆ తర్వాత ఎన్నోసార్లు గమనించాను, ఆయనకు మనుషులు ముఖాలతో గుర్తుండేవారు కాదు. "మడమ పగిలినాయన వచ్చినాడే, ఆయన ఎవురు?" అని అడిగేవాడు.

"ఈ వాకిట్లో చెప్పుల్లేకుండా నడిచేదెవురు సామీ?" అన్నాడు.

"మా అమ్మ. అదలా ఉంచు. నాకు ఎర్ర సిమెంటు కావాల. మద్రాసులో వేస్తారే, అట్లా. ముఖం కనపడేటంత నున్నగా ఉండాల."

"మొగం సూసుకునేదానికి అద్దం ఉండాది గదా సామీ. వాకిట్లో ఏంటికి?"

నాయనతో అట్లా మాట్లాడినవాళ్ళు ఆ పంచ మెట్లు రెండోసారి ఎక్కింది లేదు. నేను లేచి నిలబడ్డాను కూడా. నాయన మాత్రం మేస్త్రిని కాసేపు చూసి నవ్వాడు. నాతో, "కూర్చోరా. ఈయనకు మనం వేరే చెప్పేదేమీ లేదు" అన్నాడు.

వారం తర్వాత పుత్తూరు స్టేషను నుంచి బండిమీద ఆరు గోతాల రాళ్ళు వేసుకుని వచ్చాడు. అన్నీ తన ఊరి పక్కన స్వర్ణముఖి ఇసుకలోంచి ఏరినవే. కార్వేటినగరం చుట్టూ రాళ్ళు లేవా అంటే, "ఉండాయి. వాటితో నాకు పరిచయం లేదు" అన్నాడు.

పంచ కింద మూడు కొయ్యచట్రాలు పెట్టి, మూడింటిలో మూడు రకాల రాళ్ళు సిమెంటులో పోశాడు. ఒకదానిలో పెసరగింజంతవి, రెండోదానిలో చింతగింజంతవి, మూడోదానిలో ఉసిరికాయంతవి. సిమెంటు పూర్తిగా బిగియకముందే పైపొరను నీళ్ళతో కడిగేస్తే రాళ్ళు సగం పైకి తేలతాయి, సగం లోపల పట్టుకుని ఉంటాయి. ఆయన విద్యంతా అదే. మూడో రోజు అవ్వను పిలిచాడు.

"పెద్దమ్మా, ఒక్కొక్కదాని మీదా నిలబడు. కాలు ఏమంటాదో చెప్పు."

అవ్వ మొదటిదాని మీద నిలబడి, "ఇది ఇసకమాదిరి ఉండాది. నీళ్ళు పడితే జారేదే" అంది. మూడోదాని మీద కాలు పెట్టీ పెట్టకముందే తీసేసి, "అబ్బా! ముడుపు చెల్లించేదానికి కొండెక్కతా ఉన్నట్టుందే" అంది. రెండోదాని మీద చాలాసేపు నిలబడింది.

"ఏమమ్మా?" అన్నాడు నాయన.

"ఉండరా. బాగుండాది. ఉండనీ."

మేస్త్రి కింద కూర్చుని అవ్వ కాలివేళ్ళనే చూస్తున్నాడు. "యేళ్ళు ముడుసుకోలేదు. ఇదే" అన్నాడు. ఎంపిక అయిపోయింది.

అప్పుడు అవ్వ ఆ రాళ్ళనే చూస్తూ అడిగింది: "అబ్బా మేస్త్రీ, దీని మీద ముగ్గు నిలస్తాదా?"

రాళ్ళ మధ్య సందుల్లోకి పిండి జారిపోతుంది. గీత నిలవదు. ముగ్గు వేసే మనిషి పడకూడదని ముంగిలి మారుస్తున్నాం, ఆ ముంగిట్లో ముగ్గే పడదు. మగవాళ్ళం ముగ్గురికీ వారం రోజులుగా ఆ సంగతి తట్టలేదు.

మేస్త్రి తేరుకున్నాడు. "తెల్ల పలుగురాళ్ళు తెస్తా. నీ ముగ్గు నేనే రాళ్ళతో ఏస్తా పెద్దమ్మా. సెరగని ముగ్గు."

"చెరగని ముగ్గు!" అన్నాడు నాయన. ఆ మాటను రెండుసార్లు అన్నాడు. "ఈ ఊళ్ళో రాజుల ఇంటి ముందర కూడా లేదురా."

అవ్వ ఇసుక పరిపించి, నయమైన కుడిచేత్తో ముగ్గంతా ఒక్కసారి గీసి చూపించింది. మేస్త్రి రాయి బుగ్గన పెట్టుకుని ఆ చెయ్యి వెంట కళ్ళు తిప్పాడు. రెండోసారి చూపించమని అడగలేదు.

పని నెల దాకా సాగింది. సిమెంటు దొరకని కాలం. ఉన్న నాలుగు మూటలను పైపొరకే దాచి, అడుగున ఇటుకముక్కలూ గానుగసున్నమూ వేసి దిమ్మిసతో కొట్టి గట్టిపరిచాడు. వాననీళ్ళు వీధిలోకి పోయేటట్టు వాటం పెట్టాడు. ముంగిలిని గళ్ళుగా విడగొట్టి, రోజుకు ఒక గడి చొప్పున పోశాడు. పోసిన తర్వాత ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు. గడి పక్కన గొంతుక్కూర్చుని, ఉండి ఉండి బొటనవేలితో అదిమి చూసేవాడు. తొందరపడి కడిగితే రాళ్ళు లేచి వస్తాయి. ఆలస్యమైతే సిమెంటు వదలదు. ఆ రెండింటి నడుమ ఉండే కాసేపు ఎప్పుడు వస్తుందో ఆయన బొటనవేలికి తెలుసు. అది రాగానే చెంబుతో సన్నగా నీళ్ళు వదులుతూ, కొబ్బరిపీచుతో తుడుస్తూ పోయేవాడు. బూడిదరంగు బురద కిందినుంచి రాళ్ళు ఒక్కొక్కటే బయటపడేవి. కుంకుడు రంగువి, పావురం మెడ రంగువి, మధ్యలో ముగ్గు గీత తెల్లగా. అయిపోయిందని ఆయన ఎన్నడూ అనలేదు. "తేలినాయి" అనేవాడు.

అట్లా కూర్చుని ఉన్న ఒక మధ్యాహ్నం తాసిల్దారు వచ్చాడు. ఇది ఎక్కడా చూడలేదే అని ముచ్చటపడి, మేస్త్రిని పిలవమన్నాడు. నాయన పిలిచాడు. మేస్త్రి తల తిప్పలేదు. మళ్ళీ పిలిచాడు.

"సిమెంటు ఆగదు సామీ. తాసిల్దారు ఆగతాడు" అన్నాడు మేస్త్రి, బొటనవేలు అక్కడే ఉంచి.

తాసిల్దారు ఆగాడు. ఆ పూటంతా నాయన మీసం కింద నవ్వుకుంటూనే ఉన్నాడు.

చివరి గడి తేలిన తర్వాత, తడిగోతాలు కప్పి పదిరోజులు ఆరనిచ్చి, మేస్త్రి అవ్వను పిలిచాడు. ముందు నడవవలసింది ఆమె అన్నాడు. తను చేసిన దాని మీద తానే కాలు పెట్టలేదు. అవ్వ ఆ కొస నుంచి ఈ కొసకు ఉత్తకాళ్ళతో నడిచింది. ఆ సాయంత్రం వాన కురిసింది. తడిసిన ముంగిట్లో ముగ్గు వెలిగింది. ఊళ్ళో సగంమంది వచ్చి వీధిలో గొడుగులు పట్టుకుని నిలబడి చూశారు. నాయన పడకకుర్చీని రెండడుగులు ముందుకు జరిపించుకున్నాడు.

రెండు నెలలు కూడా గడవలేదు. అవ్వ తమ్ముడు పోయినట్టు కబురు వచ్చింది. ఇంట్లో మైల. మైల ఉన్న ఇంటి ముందర ముగ్గు ఉండకూడదు. మర్నాడు తెల్లవారి అవ్వ తలుపు తీసేసరికి, రాత్రి మంచుకు కడుక్కుని, ముగ్గు పెళ్ళివారి ఇంటి ముందర ఉన్నట్టు మెరుస్తూ ఉంది.

పలకరించడానికి వచ్చినవాళ్ళు వీధిలోనే ఆగిపోయారు. ముగ్గు తొక్కి లోపలికి రావాలో, తప్పుకుని రావాలో వాళ్ళకు తెలియలేదు. ఎదురింటి అరుగు మీంచి ఎవడో అన్నాడు: "నాయుడోరింట్లో సావుకు గూడా ముగ్గేస్తారప్పా! గొప్పింటోళ్ళు."

నవ్వులు వినపడ్డాయి. నాయన పడకకుర్చీలో కదల్లేదు. కానీ మెడ నరాలు లేచాయి.

గోతాలు కప్పించాం. గాలికి లేచిపోయాయి. పైన రాళ్ళు బరువు పెట్టాం, గోతాల అంచుల నుంచి తెల్లగీత కనపడుతూనే ఉంది. మైల మూడు రోజుల్లో తీరింది గానీ అవ్వ మళ్ళీ ముందువాకిట్లోకి రాలేదు. దొడ్డివాకిలి గుండా నీళ్ళకు పోయింది, దొడ్డివాకిలి గుండానే గుడికి పోయింది. బొక్కసం తాళాలు పట్టిన ఇంటి పెద్దావిడ పేడకుప్ప పక్క దారిన తిరుగుతుంటే ఊరు చూసింది.

"ఏమమ్మా ఇది?" అన్నాడు నాయన.

"రేపు నువ్వు పోతావు, నేను పోతాను. ఆ దినం గూడా అది అట్లే నవ్వతా ఉంటాది. సంతోషం వచ్చిన దినం వేసి, కష్టం వచ్చిన దినం ఆపేదాన్నే ముగ్గంటారు. నా చేతిలో ఆపేదే లేకపోతే అది నా ముగ్గు కాదు. పగలగొట్టించు."

"మా ఇంట్లో కట్టించింది మేము కొట్టం."

"అయితే నాకు ఈ దొడ్డివాకిలే చాలు."

తొమ్మిది రోజులు తల్లీకొడుకులు మాట్లాడుకోలేదు. పదోనాడు మేస్త్రి వచ్చాడు. కార్డు రాసింది నేనే; నాయనకు చెప్పి రాయలేదు.

జరిగినదంతా విన్నాడు. ముంగిట్లోకి పోయి ముగ్గు పక్కన గొంతుక్కూర్చున్నాడు. బుగ్గన రాయి ఉంది. ఎండ మొదటి స్తంభం నుంచి నాలుగో స్తంభానికి జరిగేదాకా అట్లే కూర్చున్నాడు. నాయన కుర్చీలోంచి ఆయన్ను చూస్తూ ఉన్నాడు. చివరికి మేస్త్రి రాయి బయటికి తీసి, ఇంటి వెనక్కి వినపడేటట్టు కేకవేశాడు.

"పెద్దమ్మా! తప్పు నాది. నడిచే పాదాలు సూసినా గానీ, మోసుకునిపొయ్యే దినం సూళ్ళేదు. ఒక్కసారి ఇట్లా రా."

అవ్వ లోపలి నుంచి వచ్చి గడప దగ్గర ఆగింది.

"గీత యాడ మొదలు పెడతావు నువ్వు?"

అవ్వ గడప దాటింది. పదిరోజుల తర్వాత ముందువాకిట్లో అడుగు పెట్టింది. ఈశాన్యం మూలకు నడిచి, కాలి బొటనవేలితో చూపించింది. "ఈడ మొదలు. ఈడనే ముగింపు."

మేస్త్రి అక్కడ తన నాలుగు వేళ్ళూ ఆనించి, బొగ్గుతో రెండు గీతలు పెట్టాడు. సంచిలోంచి ఉలీ సుత్తీ తీశాడు.

"మేస్త్రీ, వద్దు" అన్నాడు నాయన.

"కట్టించింది నువ్వు సామీ, కట్టింది నేను. ముగ్గు మాత్రం పెద్దమ్మది." ఉలి మొనను బొగ్గుగీత మీద ఆనించాడు. "నేను చేసింది నేనెప్పుడూ కొట్టలేదు. ఈ చేతికి ఆ పని తెలీదు" అన్నాడు, ఎవరితోనో కాదు, చేతితోనే.

తర్వాత కొట్టాడు. రాళ్ళు తొందరగా రాలేదు. అంత బాగా పట్టుకుని ఉన్నాయి. ఒక్కో రాయి వచ్చినప్పుడల్లా నీళ్ళలో కడిగి మొలలో దోపుకున్నాడు. ఏడు పలుగురాళ్ళు. ఆ చోటును సన్నని పూతతో నింపి, తాపీ వెనక వైపుతో నున్నగా మెత్తాడు. ముగ్గు పిండి నిలిచేటంత నునుపు, కాలు జారేటంత కాదు.

"తెల్లారి లేసి ఈ నాలుగు యేళ్ళ మేర గీత కలుపు పెద్దమ్మా. అప్పుడు ముగ్గు అయినట్టు. కష్టం వచ్చిన దినం కలపొద్దు. అంతే. ఇంక నా పని రోజూ నీ చేత్తోనే ముగస్తాది."

అవ్వ వంగి ఆ చోటును వేలితో తాకి చూసి, "ఆరేదానికి ఎన్నాళ్ళు?" అని మాత్రం అడిగింది.

మేస్త్రి సంచి భుజాన వేసుకుని, ముంగిలి అంచున ఒదిగి నడిచి, వీధిలోకి దిగాడు. నా వెనక పడకకుర్చీ కిర్రుమంది. నాయన లేచి నిలబడి ఉన్నాడు. మేస్త్రి వెనక్కి తిరిగి చూడలేదు కాబట్టి ఆయనకు తెలియదు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా నాయన నిలబడే ఉన్నాడు. తర్వాత కూర్చుని, మంచినీళ్ళు అడిగాడు. ఆ సంగతి నాయన ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ వెలితిని మొదటిసారి పదకొండు రోజులు అట్లే వదిలింది నాయన పోయినప్పుడు. యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. రెండు రోజులుగా ముసురు. మేస్త్రి అప్పుడు పుత్తూరులో ఏదో పని మీద ఉండి, విని, బస్సులో వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. ఎదురింటి చూరు కింద తడుస్తూ నిలబడ్డాడు. పాడె లేచి, ముంగిలి దాటి, వీధిలోకి దిగేదాకా ఆయన తల ఎత్తలేదు. నేను నిప్పుకుండ పట్టుకుని ఆయన పక్కగా పోతున్నప్పుడు మెల్లగా అన్నాడు: "నలుగురూ తడిలో మోసినారు. ఒక్క పాదం జారలేదు సామీ."

ఆ రోజు నాకు చాలామంది చాలా మాటలు చెప్పారు. గుర్తున్నది అదొక్కటే. ఆయన నన్ను సామీ అని పిలవడం కూడా అదే మొదటిసారి.

నాకు పెళ్ళయి, నా భార్య కాపురానికి వచ్చాక కూడా ముగ్గుచిప్పను అవ్వ వదల్లేదు. యుద్ధం ముగిసిన తర్వాత ఒకరోజు ఏర్పేడు నుంచి కార్డు వచ్చింది. రాసింది మేస్త్రి కొడుకు. రెండే వాక్యాలు. "మా నాయన శుక్రవారం పొయినాడు. కార్వేటినగరం వాకిట్లో అవ్వకు చెప్పమన్నాడు."

అవ్వకు చదివి వినిపించాను. లేచి లోపలికి పోయింది. మర్నాడు తెల్లవారి చిప్ప పట్టుకుని ముంగిట్లోకి వచ్చింది. ఈశాన్యం మూల నిలబడింది. వంగకుండా వెనక్కి వచ్చేసింది.

"గీత కలపలేదే అవ్వా?" అన్నాను.

"పదకొండు దినాలు కలిపేది లేదు."

నాకు వెంటనే ఊరు గుర్తుకు వచ్చింది. అది దాచి రాస్తే ఆ మనిషికి అన్యాయం. ఇంటిపెద్దగా నా మొదటి ఆలోచన, వీధికి ఏమని చెప్పాలి అనే. "మనకు ఆయన ఏమవుతాడని అవ్వా? కావాలంటే ఒక్కపూట..." అన్నాను.

అవ్వ చిప్పను నా ముందర పెట్టింది. "నేను పడకుండా ఇన్నేండ్లు నిలబెట్టినోడు ఏమవుతాడో నువ్వే చెప్పు. చెప్పి, నీ చేత్తోనే కలుపు."

నేను చిప్ప ముట్టుకోలేదు.

మూడోనాటికి ఊరు కనిపెట్టింది. ఎదురింటి పెద్దాయన ముంగిలి అంచుకు వచ్చాడు. "ఎవురప్పా పొయినారు? మాకు కబురే లేదే."

"మా మేస్త్రి" అన్నాను.

"మేస్త్రికి మైల పట్టేది ఏ శాస్త్రంలో ఉండాది నాయుడా?"

"మా ఇంటి శాస్త్రంలో ఉండాది" అన్నాను.

పడకకుర్చీలో కూర్చునే చెప్పాను. నాయన ఉండి ఉంటే ఆ మాట అంతకంటే చిన్నగా చెప్పేవాడు. నాకు అంత సాధన లేదు. పదకొండు రోజులూ ఆ నాలుగు వేళ్ళ మేర ఖాళీగానే ఉంది. పన్నెండోనాడు అవ్వ వంగి గీత కలిపింది. ఒక్క వణుకు లేదు.

అవ్వ పోయి ఏడాది దాటింది. పోయే ముందు చిప్పను నా భార్య చేతికి ఇచ్చి, "నున్నటి చోట ఎయ్యి. రాళ్ళ మీద ఒలకపొయ్యొద్దు" అంది. అంతకంటే అప్పగింతలు లేవు.

పోయిన వారం ఆ వర్తకుడి భార్యకు ఇదంతా చెప్పలేదు. నా భార్య చిప్ప తెచ్చి ఆమెకు చూపించింది. ఆమె వంగి, రెండు వేళ్ళతో పిండి తీసి, గీత కలిపి చూసింది. ఆ పొద్దు నా భార్య కలిపిన గీత మీదే మళ్ళీ కలిపింది. చెయ్యి తిన్నగా ఉంది.

"రోజూ ఎయ్యాల్నా?" అంది.

"రోజూ."

"ఇంట్లో ఎవురన్నా పోతే?"

"ఏమీ చెయ్యొద్దమ్మా" అన్నాను. "ఊరికే ఉండండి."

ఆమె ఆ చోటును మళ్ళీ చూసింది. పూడ్పించే మాట మరి ఎత్తలేదు.

సోమవారం చిత్తూరులో రిజిస్ట్రీ అయింది. దస్తావేజులో ఇల్లు, పెరడు, బావి, ఆరు టేకు స్తంభాలు, పడకకుర్చీ ఒకటి అని రాశారు. ముంగిలి పేరు ఎక్కడా రాయలేదు. స్థలంతో పాటు అదీ పోయింది.